3 నిమిషాల నుంచి 37 నిమిషాల దాకా: బాప్, ఫ్రీ జాజ్ రికార్డుల కథ

అందరికీ నమస్కారం. జాజ్ గురించి మాట్లాడమంటే చాలామంది న్యూ ఆర్లీన్స్‌లో మొదలుపెట్టి, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మీదుగా నింపాదిగా నడిచొస్తారు. మనకు అంత టైమ్ లేదు. బాప్ అనే వేగమైన, మెలికల జాజ్ రికార్డుల్లోకి ఎలా ఎక్కిందో చూడ్డానికి నేను తిన్నగా 1945 నవంబర్ 26కి వెళ్తాను. న్యూయార్క్, డబ్ల్యూఓఆర్ స్టూడియో. సవాయ్ అనే చిన్న కంపెనీ రికార్డింగ్ పెట్టుకుంది. చార్లీ పార్కర్ అనే ఆల్టో శాక్సఫోన్ విద్వాంసుడికి సొంత పేరుతో ఇదే మొదటి సెషన్. వయసు 25.

ఆ రోజు ఏదీ అనుకున్నట్టు జరగలేదు. పియానోకి రావలసిన బడ్ పవెల్ రాలేదు. పార్కర్ శాక్సఫోన్ కీచుమంటూ మొరాయించింది. ట్రంపెట్‌కి మైల్స్ డేవిస్ ఉన్నాడు గానీ, అప్పటికి 19 ఏళ్ల కుర్రాడు. 'కో-కో' అనే ట్యూన్ దగ్గరికి వచ్చేసరికి ఆ వేగం తన వల్ల కాదని పక్కకు తప్పుకున్నాడు. పియానో సాయానికి వచ్చిన డిజీ గిలెస్పీయే ట్రంపెట్ కూడా అందుకోవాల్సి వచ్చింది. ఎంత వేగం అంటారా? నిమిషానికి దాదాపు 300 దెబ్బలు. మీ గడియారం సెకన్ల ముల్లు ఒక్కసారి కదిలేలోపు అయిదు.

అదృష్టం ఏమిటంటే ఆ ట్యూన్ మొదటి టేకు కూడా పారేయకుండా ఉంచారు. ట్రంపెట్, శాక్సఫోన్ కలిసి ముందు ముక్క వాయిస్తాయి. తర్వాత 'చెరోకీ' బాణీ ఎత్తుకుంటాయి. ఎత్తుకున్నాయో లేదో, ఎవరో కేకేసి ఆపేస్తారు. టేకు అక్కడితో సరి.

ఎందుకు ఆపారు? 'చెరోకీ' 1938లో రే నోబుల్ రాసిన పాట. చార్లీ బార్నెట్ బ్యాండ్ దాన్ని ఊరూరా మోగించింది. ఆ బాణీ వాయిస్తే పాట హక్కులున్నవాళ్లకు రాయల్టీ కట్టాలి. కానీ చట్టం బాణీకి హక్కు ఇచ్చిందే గానీ, కింద నడిచే కార్డుల (అంటే కలిపి మోగించే స్వరాల గుంపుల) వరసకు ఇవ్వలేదు. శంకరాభరణంలో ఎవరు కీర్తన కట్టినా శంకరాభరణం ఎవరి సొత్తూ కాదు చూడండి, ఆ లెక్క. అందుకే బాప్ వాళ్లు పాత పాట కార్డులు తీసుకుని పైన కొత్త బాణీ కట్టుకునేవారు. 'హౌ హై ద మూన్' కార్డుల మీద 'ఆర్నిథాలజీ' వచ్చింది. 'ఐ గాట్ రిథమ్' కార్డుల మీద ఎన్ని వచ్చాయో లెక్కే లేదు. సంగీతకారులకు ఇదొక ఆట, కంపెనీకి నాలుగు డబ్బులు మిగులు.

'కో-కో' రెండో టేకులో ఇంకా విచిత్రం జరిగింది. 'చెరోకీ' బాణీ తీసేశారు, దాని స్థానంలో కొత్త బాణీ కూడా పెట్టలేదు. ముందు ముక్క అయిపోగానే పార్కర్ తిన్నగా మనోధర్మంలోకి దూకేస్తాడు. 64 బార్ల (తాళం ఆవర్తాల లాంటివి) చుట్టు ఒకటి, వెంటనే ఇంకొకటి. తర్వాత మాక్స్ రోచ్ డ్రమ్స్ సోలో, మళ్లీ మొదటి ముక్క, సమాప్తం. మూడు నిమిషాలు కూడా నిండని రికార్డు. పల్లవి పాడకుండా కల్పనస్వరాలు మాత్రమే పాడి లేచిపోతే మన సభల్లో ఊరుకుంటారా? రాయల్టీ గొడవ లేకపోతే ఇది ఇలా ఉండేది కాదు. బాప్ అంటే మేధావుల తిరుగుబాటు అని పుస్తకాలు రాస్తాయి. నిజమే కావచ్చు. కానీ దాని అసలైన నమూనాగా చెప్పే రికార్డుకు ఆ రూపం రావడంలో అకౌంట్స్ పుస్తకానికీ వాటా ఉంది.

అదే రోజు తీసిన 'నౌస్ ద టైమ్' సంగతి కూడా చెప్పాలి. బ్లూస్ అనే నల్లజాతి పాటల పద్ధతి మీద కట్టిన చిన్న బాణీ. 1949లో దాదాపు అదే బాణీ 'ద హకిల్‌బక్' పేరుతో డాన్సు పాటగా దేశమంతా ఊపేసింది. కంపెనీ అదే సవాయ్. రచయిత పేరు దగ్గర మాత్రం పార్కర్ లేడు. పైన చెప్పిన చట్టం ఎవరి వైపు పనిచేస్తుందో ఇక్కడ చూసుకోండి.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ సంగీతం 1945లో రికార్డులు కొనేవాళ్లకు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు అనిపించింది. దానికి కారణం ఉంది. 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా సంగీతకారుల యూనియన్ రికార్డింగులు బంద్ పెట్టింది. జేమ్స్ పెట్రిల్లో అనే ఆయన అధ్యక్షుడు. రేడియోల్లో, జ్యూక్‌బాక్సుల్లో రికార్డులు మోగుతూ పోతే బతికున్న వాద్యకారుడికి పని ఎక్కడ దొరుకుతుంది అని ఆయన వాదన. చిన్న కంపెనీలు ముందే రాజీపడినా, విక్టర్, కొలంబియా లాంటి పెద్దవాళ్లు 1944 నవంబర్ దాకా దిగిరాలేదు. దాదాపు ఆ రోజుల్లోనే న్యూయార్క్ హార్లెమ్‌లో మింటన్స్ ప్లేహౌస్ లాంటి క్లబ్బుల్లో రాత్రి పొద్దుపోయాక ఈ సంగీతం తయారవుతోంది. పియానో దగ్గర థెలోనియస్ మంక్, డ్రమ్స్ దగ్గర కెన్నీ క్లార్క్. క్లార్క్ తాళం నడకని పెద్ద డ్రమ్ మీంచి తీసి పైనున్న రైడ్ సింబల్ మీదికి ఎక్కించాడు. పెద్ద డ్రమ్‌ని అనుకోని చోట ఢామ్మని మోగించడానికి వాడుకున్నాడు. దాన్ని వాళ్లు 'బాంబులు వేయడం' అనేవారు. యుద్ధ కాలం కదా.

ఆ రోజుల్లో ఇంకో చిక్కు కూడా ఉంది, అందులో మన దేశానికి సంబంధం ఉంది. 78 స్పీడు రికార్డుల తయారీకి లక్క కావాలి. ఆ లక్క ఎక్కువగా వెళ్లేది ఇండియా నుంచే, ఛోటా నాగ్‌పూర్ అడవుల నుంచి. యుద్ధంతో ఓడల రాకపోకలు దెబ్బతినేసరికి 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్కకు కోత పెట్టింది. అంటే ఒకవైపు సంగీతకారులు లేరు, మరోవైపు సరుకు లేదు. బాప్ బాల్యం చాలావరకు గాలిలో కలిసిపోయింది. 1941లో జెర్రీ న్యూమన్ అనే కాలేజీ విద్యార్థి తన సొంత మెషీన్ మోసుకెళ్లి మింటన్స్‌లో తీసుకున్న రికార్డింగులు కొన్ని మిగిలాయి. వాటిలో గిటారిస్టు చార్లీ క్రిస్టియన్‌ని వినాలి. మరుసటి ఏడాదే క్షయతో పోయాడు, 25 ఏళ్లకే.

లక్క రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు పడుతుంది. 1948లో కొలంబియా ఎల్పీ తెచ్చింది, ఒక వైపు ఇరవై నిమిషాల పైమాట. అప్పటికే టేపు కూడా వచ్చింది. టేపు వచ్చాక కత్తెర వచ్చింది. మంక్ 1956లో రివర్‌సైడ్ కంపెనీకి చేసిన 'బ్రిలియంట్ కార్నర్స్' మీలో కొందరు వినే ఉంటారు. టైటిల్ ట్యూన్ ఎంత మెలికలు తిరిగి ఉంటుందంటే, టెనర్ శాక్సఫోన్ మీద సానీ రాలిన్స్, డ్రమ్స్ మీద మాక్స్ రోచ్ ఉండి కూడా కుదరలేదు. 25 టేకులు తీశారు. ఒక్కటీ చివరిదాకా సాగలేదు. బాస్ వాయించే ఆస్కార్ పెటిఫోర్డ్‌కీ మంక్‌కీ మాటా మాటా పెరిగింది. చివరికి నిర్మాత ఆరిన్ కీప్‌న్యూస్ ముక్కలు ముక్కలుగా టేపు కోసి అతికించాడు. మనం చెవులు కోసుకునే ఆ వాద్యం ఏ గదిలోనూ ఏ రాత్రీ అలా జరగలేదు. జాజ్ అంటే ఆ క్షణంలో పుట్టేది అని గొప్పగా చెప్పుకునేవాళ్లు ఇక్కడ కాస్త తగ్గాలి. నాకైతే ఆ అతుకులు తెలిసినా మజా తగ్గలేదు.

'జాజ్ ఎట్ మాసీ హాల్' కథ ఇంకా తమాషా. 1953 మే 15, టొరంటో. పార్కర్, గిలెస్పీ, పవెల్, మాక్స్ రోచ్, బాస్ మీద చార్ల్స్ మింగస్. అయిదుగురూ కలిసి రికార్డు చేసింది అదొక్కసారే. అలాంటి కచేరీకి హాలు చాలావరకు ఖాళీ! అదే రాత్రి రాకీ మార్సియానో, జెర్సీ జో వాల్కాట్‌ల హెవీవెయిట్ బాక్సింగ్ పోటీ ఉంది. జనం దానికి అతుక్కుపోయారు. పార్కర్ చేతిలో ఆ రోజు ఉన్నది గ్రాఫ్టన్ కంపెనీ వాళ్ల తెల్లటి ప్లాస్టిక్ శాక్సఫోన్. వేరే కంపెనీతో ఒప్పందంలో ఉన్నాడు కాబట్టి రికార్డు మీద అతని పేరు 'చార్లీ చాన్' అని వేశారు. రికార్డు వేసింది మింగస్, రోచ్ సొంతంగా పెట్టుకున్న డెబ్యూ కంపెనీ. టేపు విన్న మింగస్‌కి తన బాస్ సరిగ్గా వినపడలేదు. స్టూడియోలో కూర్చుని తన భాగం పైన మళ్లీ వాయించి కలిపేశాడు. లైవ్ కచేరీలో తన బాస్ తనే దిద్దుకున్నాడన్నమాట. (నవ్వులు)

మింగస్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అర్కాన్సాస్ గవర్నర్ ఫాబస్ 1957లో లిటిల్ రాక్ స్కూల్లోకి నల్లజాతి పిల్లలు రాకుండా సైనికుల్ని నిలబెట్టాడు. ఆయన్ని ఎగతాళి చేస్తూ మింగస్ కట్టిన ట్యూన్ 1959లో కొలంబియా ఎల్పీ మీద మాటల్లేకుండా వచ్చింది. మరుసటి ఏడాది కాండిడ్ అనే చిన్న కంపెనీకి మాటలతో సహా పాడాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి.

ఇక రూడీ వాన్ గెల్డర్. పగలు కళ్లజోళ్ల డాక్టరు. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందు గదిలో మైకులు పెట్టి రికార్డింగులు చేసేవాడు. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకునేదాకా, బ్లూ నోట్, ప్రెస్టీజ్ కంపెనీల గొప్ప రికార్డులు ఎన్నో ఆ ఇంటి హాల్లో పుట్టినవే. ఆ రెండు కంపెనీల మధ్య తేడా చెవికి తెలుస్తుంది. బ్లూ నోట్ ఆల్‌ఫ్రెడ్ లయన్ రిహార్సల్స్‌కి కూడా డబ్బు ఇచ్చేవాడు. అందుకే బ్లూ నోట్ వాద్యబృందాలు అంత బిగువుగా ఉంటాయి. చాలా కంపెనీలకు ఆ అలవాటు లేదు. ఇది ప్రతిభ సంగతి కాదు, రెండు రోజుల కూలి సంగతి.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫ్రీ జాజ్, అవాంట్ గార్డ్, అంటే కార్డుల కట్టుబాటు వదిలేసే ప్రయోగాల జాజ్ అనగానే మనవాళ్లు భయపడతారు. ముందు బాప్ వంటబట్టాక అటు వెళ్లాలి అంటారు. నేను ఒప్పుకోను. రాగం విని పెరిగిన చెవికి, ఫ్రీ జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్మన్ కంటే పార్కర్ కష్టం. పార్కర్ వాయించే స్వరాల కింద కార్డు మారిపోతూ ఉంటుంది, ఒక్కో బార్‌లో రెండుసార్లు కూడా. ఆ కార్డు మార్పు వినపడకపోతే పైన జరిగే చమత్కారం సగం పోతుంది. మనం అలా వినడం నేర్చుకోలేదు. కోల్మన్ ఏం చేశాడు? పియానోనే తీసేశాడు. కార్డులు చెప్పేవాడే లేడు. ఇక మిగిలింది బాణీ, తాళం. ఆ రెండూ మనకు కొత్తేమీ కాదుగా.

టెక్సస్‌లో ఫోర్ట్ వర్త్ అతని ఊరు. లాస్ ఏంజెలెస్‌లో డబ్బుల్లేని రోజుల్లో అతనూ ప్లాస్టిక్ శాక్సఫోనే కొన్నాడు. 1959 మే 22న హాలీవుడ్‌లో అట్లాంటిక్ కంపెనీ కోసం 'ద షేప్ ఆఫ్ జాజ్ టు కమ్' రికార్డు చేశాడు. మొదటి ట్యూన్ 'లోన్లీ వుమన్' ఒక్కటి వినండి చాలు. చార్లీ హేడెన్ బాస్ మీద రెండు తీగలు కలిపి మోగిస్తూ శ్రుతి లాంటిది పట్టుకుంటాడు. బిల్లీ హిగిన్స్ సింబల్ మీద దడదడా పరుగు. ఆ పరుగుతో ఏ సంబంధమూ లేనట్టు, శాక్సఫోన్, డాన్ చెరీ కార్నెట్ (చిన్న ట్రంపెట్ లాంటిది) కలిసి చాలా నెమ్మదిగా ఒక ఏడుపు బాణీ తీస్తాయి. ఇద్దరూ సరిగ్గా ఒకే శ్రుతి మీద కలవరు, ఒకే క్షణంలో ఎత్తుకోరు. అది చేతకాక కాదు. ఆ ఎడం కావాలనే ఉంచుకున్నారు. కింద వేగం, పైన విలంబం, రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా నడుస్తాయి. మన వాళ్లకు వినిపిస్తే ఎవరూ కుర్చీ వదిలి లేవలేదు. అదే 1959 నవంబర్‌లో న్యూయార్క్‌లో ఫైవ్ స్పాట్ అనే క్లబ్బులో అతను వాయించినప్పుడు, సంగీతకారులే రెండు ముఠాలై కొట్టుకున్నంత పని చేశారు. కార్డుల మీద ఇల్లు కట్టుకున్నవాళ్లకే ఆ టెన్షన్ ఎక్కువ.

శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ సంగతి మీకు కొంత తెలుసు. పండిట్ రవిశంకర్ మీద గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. 1961 నవంబర్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే న్యూయార్క్ క్లబ్బులో 'ఇండియా' అనే ట్యూన్ వాయించాడు. కానీ మన చెవికి అతన్ని దగ్గర చేసేది ఆ పేరు కాదు. 'ఎ లవ్ సుప్రీమ్' చివరి భాగం చూడండి. 1964 డిసెంబర్ 9, ఇంతకుముందు చెప్పిన ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్ స్టూడియో. నాలుగు భాగాలు ఒక్కరోజులో అయిపోయాయి. నాలుగో భాగం పేరు 'సామ్'. అందులో తాళం లేదు. శాక్సఫోన్ ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ సాగుతుందో మొదటిసారి అంతుపట్టదు. కిటుకు ఏమిటంటే, ఎల్పీ అట్ట లోపల కోల్ట్రేన్ దేవుడి మీద రాసుకున్న ఒక ప్రార్థన అచ్చయి ఉంది. దాన్ని కళ్ల ముందు పెట్టుకుని వినండి. మాట మాటకీ, అక్షరం అక్షరానికీ స్వరం సరిపోతుంది. అతను ఆ ప్రార్థనను శాక్సఫోన్‌తో చదువుతున్నాడు. వీణ మీద సాహిత్యం పలికించడం మనకు తెలుసు. మీటు ఎక్కడ పడాలో అక్షరం చెబుతుంది. కోల్ట్రేన్ చేసింది అదే పని. ఈ విషయం తెలియకుండా ఎన్నేళ్లు విన్నా అది అందమైన రాగాలాపనలా ఉంటుంది. తెలిశాక అది వాక్యం.

కోల్ట్రేన్ 1967 జులైలో లివర్ క్యాన్సర్‌తో పోయాడు, 40 ఏళ్లు. భార్య ఆలిస్ కోల్ట్రేన్ అతని బృందంలో పియానో వాయించింది. తర్వాత హార్ప్ మీద తన సొంత దారి వేసుకుంది. ఆమె దారి మన పుట్టపర్తి వైపు తిరిగింది. సత్యసాయి భక్తురాలై, సన్యాసం పుచ్చుకుని, కాలిఫోర్నియాలో 'సాయి అనంతం' అనే ఆశ్రమం నడిపింది. అక్కడ ఆమె పాడించిన భజనల్లో సంస్కృత నామాలకు కింద డెట్రాయిట్ చర్చి గాస్పెల్ వినపడుతుంది. దాని గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం, అది వేరే గంట.

ఎరిక్ డాల్ఫీని మాత్రం దాటేయను. ఆల్టో, ఫ్లూట్, బాస్ క్లారినెట్ మూడూ వాయించేవాడు. జాజ్‌లో బాస్ క్లారినెట్‌కి సొంత గొంతు తెచ్చింది అతనే అంటాను. 1964 ఫిబ్రవరి 25న బ్లూ నోట్‌కి 'అవుట్ టు లంచ్' రికార్డు చేశాడు. నాలుగు నెలలకు, జూన్ 29న బెర్లిన్‌లో చక్కెర జబ్బుతో చనిపోయాడు. అంతదాకా ఆ జబ్బు ఉందని ఎవరూ గుర్తించలేదు. 36 ఏళ్లు.

ఇవాళ చివరగా వినిపించబోయేదాంట్లో డాల్ఫీ ఉన్నాడు. ఆర్నెట్ కోల్మన్ 'ఫ్రీ జాజ్', 1960 డిసెంబర్ 21. అట్ట మీద జాక్సన్ పొలాక్ పెయింటింగ్. మొత్తం 37 నిమిషాలు. అది ఎల్పీ ఒక వైపుకి పట్టక రెండు వైపులకీ పంచారు, మధ్యలో లేచి రికార్డు తిప్పాలి. స్టీరియో అప్పటికి ఇంకా కొత్త. కోల్మన్ రెండు పూర్తి బృందాల్ని పెట్టాడు, ఎడమ స్పీకర్‌లో ఒకటి, కుడి స్పీకర్‌లో ఇంకొకటి. ఎడమ వైపు కోల్మన్, చెరీ, బాస్ మీద స్కాట్ లఫారో, డ్రమ్స్ బిల్లీ హిగిన్స్. కుడి వైపు డాల్ఫీ, ట్రంపెట్ మీద ఫ్రెడీ హబ్బర్డ్, చార్లీ హేడెన్, ఎడ్ బ్లాక్‌వెల్. ఎనిమిది మందీ ఒకేసారి. ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని విని, ఇదేం గోల అనేవాళ్లు నాకు చాలామంది తెలుసు. రెండు గదుల మాటలు ఒకే గోడ దగ్గర నిలబడి వింటే గోలే అవుతుంది.

కాబట్టి ఇక్కడ ఇలా చేద్దాం. మొదట పది నిమిషాలు ఎడమ స్పీకర్ ఒక్కటే పెడతాను. కోల్మన్‌ని, ముఖ్యంగా అతని వెనక లఫారో బాస్‌ని పట్టుకోండి. తర్వాత అదే భాగం కుడి స్పీకర్‌లో, డాల్ఫీ కోసం. మూడోసారి రెండూ కలిపి. మధ్యలో టీ వస్తుంది, మొహమాటపడకండి, తాగుతూ వినొచ్చు. బయటికి వెళ్లాలనిపించినవాళ్లు కుడి వైపు అయ్యాక వెళ్లండి, ముందు కాదు. ప్రశ్నలు మూడోసారి అయ్యాక తీసుకుంటాను. బాబూ, ఆ కుడి స్పీకర్ వైరు తీసెయ్.